లేతాకు కుట్టు

పెరట్లోని వంగమొక్క మీద ముసలి కుట్టుపిట్ట మనవరాలికి గూడు కుట్టడం నేర్పుతోంది. మబ్బులు కమ్ముకొస్తున్నాయి. అమ్మమ్మకి కాలు నిలవడం లేదు.

"అంత బిగించకే తల్లీ! లేతాకు, ఇంకా పెరగాలి. బిగిస్తే కుట్టు దగ్గరే చిరుగుతుంది."

మనవరాలు దారం వదులు చేసి, ఇంకోచోట ముక్కుతో పొడవబోయింది.

"అయ్యో, అక్కడ కాదు! ఈనె తెగితే ఆకు ఎండిపోదూ? ఇలా తే, నేను కుడతా."

పొద్దుటి నుంచీ ఇదే వరస. మనవరాలు వేసిన ప్రతి కుట్టునూ అమ్మమ్మ విప్పి మళ్లీ వేస్తోంది.

"లేతాకుని బిగించకూడదన్నావు. మరి నన్నో అమ్మమ్మా?"

ముసలిపిట్ట ముక్కున ఉన్న దారం జారిపోయింది. కుట్టు మనవరాలికే వదిలి పక్కకొమ్మ మీదికి వెళ్లింది. తొలి చినుకు పడింది. కళ్లయితే మూసుకుంది గానీ, కొమ్మని పట్టుకున్న కాలిగోళ్లు మాత్రం సడలలేదు.