సోఫా పక్కన వెదురు

ఆ పొద్దున ఆకాశం బియ్యం కడిగిన నీళ్లలా ఉంది. వాన పడదు, ఎండ రాదు. ఫిల్మ్‌నగర్ గుట్ట మీది ఆ ఫ్లాట్‌లో లైటు వేస్తే తప్ప హాలు మూల కనిపించదు. బాలమణి లైటు వేసి చూసింది.

వెదురు మొక్క రెండో కాడకు కూడా పసుపు పాకింది.

పింగాణీ కుండీ, గులకరాళ్లు, నీళ్లు, అందులో మూడు కాడలు. అంతే మొక్క. కానీ నిర్మాత బసవపున్నయ్య ప్రాణం దాంట్లోనే ఉంది. ఎప్పుడో చవగ్గా కొన్న మాదాపూర్ రాళ్లనేలను సాఫ్ట్‌వేర్ కంపెనీలకు అమ్మి, సినిమాల్లోకి దిగినవాడాయన. కథ మొదలుపెట్టిన రోజున తన చేత్తో తెచ్చి సోఫా పక్కన పెట్టాడు.

"ఇది పచ్చగా ఉన్నన్నాళ్లే మన సినిమా, అమ్మా. ఇది ఎండిందా, కథ ఎండినట్టే."

నవ్వుతూ అన్నాడు గానీ అది నవ్వులాట కాదు. కిందటి సినిమాకు కొబ్బరికాయ కుళ్లిందని రచయితనే మార్చేశాడు.

బాలమణి భర్త కమలాకర్ ఏళ్ల తరబడి ఎవరెవరి పేర్ల మీదో మాటలు రాశాడు. తెర మీద తన పేరు పడబోయేది ఇదే మొదటిసారి. ఈ ఫ్లాటు కూడా కథ తేలేదాకా ఉండమని నిర్మాత ఇచ్చిందే. సినిమా పోతే మళ్లీ యూసుఫ్‌గూడ ఒంటిగదే. ఆ గదిలోనే అతను తాగుడు మరిగాడు. అక్కడే ఒకనాడు రక్తం కక్కుకున్నాడు. ఇంకొక్క చుక్క పడితే కాలేయం నిలవదని డాక్టరు చెప్పాక, మానేసి ఏడాది దాటింది.

రోజూ సాయంత్రం బసవపున్నయ్య సీసాతో వస్తాడు. ఎదుటివాడి చేతిలోనూ గ్లాసు లేనిదే ఆయనకు కథ ఎక్కదు. కథ బయటికి పొక్కకూడదని తలుపులు మూస్తారు. ఆయన వెళ్లాక బాలమణి అడిగే మాట ఒక్కటే.

"ముట్టలే గద?"

"సోడా తాగిన. నీ మీద ఒట్టు."

ట్యూబ్‌లైటు కింద నిలబెట్టి కళ్లు చూసేది. తెల్లగా ఉండేవి. నమ్మేది.

పనికి వచ్చిన రాజమ్మ చీపురు పట్టుకుని మొక్క ముందు నిలబడింది.

"దిష్టి గొట్టిందమ్మా. జర నిమ్మకాయ గట్టు."

"దిష్టి గాదు, వెలుతురు లేదు."

"గీ గదిల మనిషే బతకడు, మొక్కేం బతుకుతది? సిగరెట్ పొగ, మందు కంపు. పరదాలు ఉతికినా పోతలేదు. గీ రాళ్లకు సుత అదే వాసన, సూడు!"

బాలమణి ఇంక ఆలోచించలేదు. కుండీని వంటింటి కిటికీకి మార్చింది. రాళ్లన్నీ కడిగింది. పసుపు పట్టిన కాడలు రెండూ తీసి పారేసింది. పసుపు పట్టిన కాడ మళ్లీ పచ్చబడదని ఆమెకు తెలుసు. మిగిలిన ఒక్కదాన్ని బోరు నీళ్లలో నిలబెట్టింది.

సాయంత్రం కమలాకర్ లోపలికి వస్తూనే మూలకేసి చూశాడు.

"మొక్కేది?"

"కిటికీల పెట్టిన."

అతని ముఖం పాలిపోయింది. "తెచ్చి ఈడ్నే పెట్టు, మణీ. అది నా పక్కకే ఉండాలె."

"సచ్చినదాన్ని సారు ముందట పెడ్దమా? ఆయనకు నేను చెప్త. మీకేం ఫికర్?"

అతనేదో చెప్పబోయాడు. ఈలోగా మెట్ల మీద బసవపున్నయ్య దగ్గు వినిపించింది.

ఖాళీ మూల చూసి ఆయన కనుబొమలు ముడిచాడు. "అమ్మా, నా మొక్క?"

"వెలుతురుకు పెట్టిన సార్. కొత్త ఆకు రాంగనే తెస్త."

ఆయన చేతిలోని సీసాను బల్ల మీద పెట్టాడు.

"మంచి మాటన్నావమ్మా! ఆ ఆకు చూశాకే క్లైమాక్స్ వింటాను. అప్పటిదాకా కూర్చుందాం, ఏంటయ్యా కమలాకర్?" అంటూ అతని భుజం చరిచాడు.

తలుపులు మూసుకున్నాయి.

అప్పట్నుంచి బాలమణికి మొక్కే లోకం. పొద్దున లేస్తే దాని దగ్గరికే. పడుకునే ముందు ట్యూబ్‌లైటు కింద చూసేది దాని ఆకులనే. కమలాకర్ పొద్దెక్కి లేస్తున్నాడు. అన్నం సగం వదిలేస్తున్నాడు. క్లైమాక్స్ గుబులనుకుంది. మొక్క బతికితే ఆ గుబులూ పోతుందనుకుంది.

ఒకరోజు కణుపు దగ్గర చిలక ముక్కంత మొలక పొడిచింది. ఆపైన ఆకు విప్పుకుంది. బాలమణి కళ్లొత్తుకుని, కుండీని మళ్లీ సోఫా పక్కన పెట్టింది.

బసవపున్నయ్య చెప్పులు విప్పి మొక్కకు దణ్ణం పెట్టాడు. క్లైమాక్స్ విన్నాడు. తలుపులు తెరిచి వస్తూ, "నీ మొగుడి పేరు తెర నిండా వేయిస్తానమ్మా!" అన్నాడు.

ఆయన వెళ్లాక బాలమణి హాల్లోనే భోజనం పెట్టింది. కమలాకర్ తన చోటులో, మొక్క పక్కనే కూర్చున్నాడు. పచ్చిపులుసు వడ్డించి, నవ్వుతూ తలెత్తింది.

ట్యూబ్‌లైటు వెలుగు నేరుగా అతని ముఖం మీద పడుతోంది. కళ్లలో తెలుపన్నదే లేదు. అంతా పసుపు.

గరిటె ఆమె చేతిలోనే ఉండిపోయింది.

"ఎప్పటిసంది?"

అతను తలొంచుకుని ముద్ద కలుపుకున్నాడు. ఆమె కూడా కంచం ముందేసుకుంది. ఇద్దరూ తిన్నారు.

చివరికి మజ్జిగ పోసుకుంటూ, కుండీకేసి చూస్తూ అన్నాడు కమలాకర్:

"నువ్వు దాన్ని ఈడికెంచి తీసిన రోజు సంది."