ఎండ్రకాయ దగ్గర క్షవరం

జుట్టు కళ్ళ మీద పడి దారి కనపడక, ఎలుగుబంటి ఒకే పొద్దున మూడు చెట్లకు గుద్దుకుంది. ఇక తప్పదనుకుని, వాగు ఒడ్డున అందరికీ క్షవరం చేసే ఎండ్రకాయ దగ్గరికి బయలుదేరింది.

దారి పొడుగునా ఒకటే గొణుగుడు. "వెనక పొట్టిగా, ముందు కొంచెం ఉంచి, చెవుల జోలికి పోవద్దు." వాగు ఒడ్డు చేరేదాకా అదే వల్లె వేసుకుంటూ పోయింది.

బండ మీద కూర్చోగానే ఎండ్రకాయ దాని భుజమెక్కి, కత్తెరల్లాంటి డెక్కలు రెండూ టకటకలాడించింది.

"ఎట్లా కత్తిరించమంటావు అల్లుడూ?"

ఆ చప్పుడు చెవిలో పడగానే ఎలుగుబంటి ఉలిక్కిపడింది. బట్టీపట్టిందంతా ఎగిరిపోయింది.

"నీ ఇష్టం మామా" అంది.

ఎండ్రకాయ ఒళ్ళంతా వణికింది. "ఆ ఒక్క మాట అనకు! పోయిన వారం అడవిపంది కూడా నా ఇష్టమే అంది. తీరా నీళ్ళలో మొహం చూసుకుని నా కాలు విరగ్గొట్టింది. ఏదో ఒకటి చెప్పు నాయనా, నీకు పుణ్యముంటుంది."

ఎలుగుబంటి చెప్పాలనే చూసింది. కానీ చెవి పక్కనే డెక్కలు వణుకుతుంటే మళ్ళీ పాత మాటే వచ్చింది.

"నీ... నీ ఇష్టం" అని గట్టిగా కళ్ళు మూసుకుంది.

ఎండ్రకాయ ఒకసారి ఎలుగుబంటి పంజా వైపు, ఒకసారి తన మిగిలిన కాళ్ళ వైపు చూసుకుంది. పుల్లల మీద నిలబెట్టినట్టుండే తన కళ్ళు రెండూ లోపలికి ముడుచుకుని, కత్తిరించడం మొదలుపెట్టింది.