చివరి బుధవారం ప్లగిన్

“బొమ్మ మళ్లీ ఆగిపోయింది బాబూ,” అంది ఫోన్‌లో రిటైరైన టైలరింగ్ టీచర్.

“ఎక్కడ ఆగిందండీ?” అన్నాడు హెల్ప్‌డెస్క్ ఆయన, కుర్చీ ముందుకు లాక్కుంటూ.

“కాలర్ కత్తిరించే దగ్గర. కత్తెర సగం దాకా వెళ్లి నిలబడిపోయింది.”

“పోయిన వారం చేతులు అతికే దగ్గర కదా?”

“చేతులు అయిపోయాయి. నేను నిదానం మనిషిని.”

ఆయన నవ్వాడు. ఆ వారంలో నవ్వడం అదే మొదటిసారి. ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్లకు సాయం చేసే గది అది. ఒకప్పుడు ఆరుగురు కూర్చునేవారు; ఇప్పుడు ఆయనొక్కడే ఈగలు తోలుకుంటున్నాడు. టీచర్ అడిగే కుట్టుపాఠాల సైటులో బొమ్మలు కదలాలంటే, బ్రౌజర్‌కి తగిలించే ఒక ప్లగిన్ కావాలి. దాన్ని తయారుచేసి, గుట్టు ఎవరికీ చెప్పని కంపెనీ, ఈ సిస్టమ్‌కి కొత్త వెర్షన్లు ఇవ్వడం ఎప్పుడో మానేసింది. ఇంకా దాని గురించి అడిగేది టీచర్ ఒక్కతే, ప్రతి బుధవారం పదకొండింటికి. మిగతా రోజుల్లో ఆయన్ని పలకరించే దిక్కు లేదు.

“బ్రౌజర్ మూసి తెరవండి.”

“తెరిచాను. కొత్త వెర్షన్ పెట్టుకోమంటోంది.”

“వద్దనండి. కొత్తదాంట్లో ప్లగిన్ పనిచేయదు,” అని చిలక్కి చెప్పినట్టు చెప్పాడు, ఎన్నోసారో.

“సరే గానీ, నీ జలుబు తగ్గిందా?”

“తగ్గిందండీ. మీ మోకాలు?”

“అది నా మాట వినే రకమా.”

ఇక దాచి లాభం లేదు.

“టీచరుగారూ, వచ్చే వారం నుంచి ఈ నంబర్ ఉండదు. మా గది నడిపే కమిటీవాళ్లు దీన్ని మూసేస్తున్నారు. ఇక ఈ ప్లగిన్‌ని ఎవరూ పట్టించుకోరు.”

ఆ మాట అనేశాక ఆయనకు భయమేసింది. ఈ గొంతు కూడా పోతే తనకిక మిగిలేది ఫ్యాను చప్పుడే.

“మరి ఆగిపోతే ఎవర్ని అడగను?” అందామె, గొంతు తగ్గించి.

“మా ఇంటి నంబర్ రాసుకోండి.”

“ఇంట్లోవాళ్లకి ఇబ్బందేమో.”

“ఎవరూ లేరండీ.”

ఆమె అంకెలన్నీ రాసుకుని రెండుసార్లు తిరిగి చదివింది. “బుధవారమే చెయ్యాలా?”

“ఏ రోజు ఆగితే ఆ రోజు చెయ్యండి.”

“అయితే శుక్రవారం ఆగేలా ఉంది,” అంది టీచర్.

“సరేనండీ,” అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఆ కుట్టుపాఠాల సైటు మూతపడి రెండేళ్లయిందని ఇద్దరికీ తెలుసు.