రుద్దినా పోని పేర్లు

"ఇనప పీచుంటే ఇవ్వండి," అంటూ, కొడుకు పెళ్లి డబ్బాల కోసం వచ్చిన సంపూర్ణమ్మ కొంగు నడుముకి దోపింది.

బాలశౌరి భయంభయంగా పీచు అందించాడు. భవానీపురంలో అతనిది చిన్న ప్రింటింగ్ షెడ్డు. పెళ్లిళ్లలో పంచే ప్లాస్టిక్ డబ్బాల మీద పేర్లు వేస్తాడు. ఆ పేర్లు మొదటి తోముడుకే పోతాయని ఊరంతా చెప్పుకుంటారు. ఈసారి కూడా పోతే షెడ్డుకి తాళం వేసి, మంగళగిరిలో తన తమ్ముడి చీరల కొట్లో కూర్చోమని భార్య హెలెన్ పొద్దున్నే తేల్చేసింది. బావమరిది ముందు చీరలు మడతపెట్టే బతుకు తల్చుకుంటేనే అతనికి ఏడుపొచ్చింది.

అందుకే ఈ కొత్త ప్లాస్మా మిషను. నున్నటి ప్లాస్టిక్‌కి రంగు అంటదు. అదే డబ్బాని ముందు ఈ కరెంటు మెరుపుల కింద తిప్పితే, పైపొర మారి రంగుని గట్టిగా పట్టేసుకుంటుంది. సంపూర్ణమ్మ చూస్తుండగానే ఊదారంగు మెరుపులు చిటపటలాడాయి. ఆవిడ కొడుకు పేరు, కాబోయే కోడలి పేరు డబ్బా మీద బంగారు రంగులో వెలిగాయి: ఫిన్నీ, క్రిస్టినా.

ఆవిడ రంగు ఆరనిచ్చి, రుద్దింది. డబ్బా మీద గీతలు పడ్డాయి గానీ పేర్లు కదల్లేదు. సబ్బు నురగలో నానబెట్టి మళ్లీ తోమింది. పోలేదు. కిరసనాయిలు అడిగింది. దాంతోనూ పోలేదు. గోళ్లతో గీకింది. ఫిన్నీ ఫిన్నీలాగే ఉన్నాడు, క్రిస్టినా చెక్కు చెదరలేదు.

బాలశౌరికి ఆనందం పట్టలేదు. తనూ ఒక పీచు తీసుకుని పక్కన చేరాడు. తలుపు దగ్గర నిలబడ్డ హెలెన్ కూడా వచ్చి ఓ చెయ్యి వేసింది. ముగ్గురూ నురగలో మునిగిపోయారు. హెలెన్ ముక్కు మీద నురగ చూసి బాలశౌరి నవ్వాడు, అతన్ని చూసి హెలెనూ నవ్వింది. షెడ్డు నిలబడినట్టేనని ఇద్దరికీ అర్థమైపోయింది.

"జన్మలో పోవండీ," అన్నాడు బాలశౌరి రొప్పుతూ. "ఎన్ని డబ్బాలు వెయ్యమంటారు?"

సంపూర్ణమ్మ చేతులు కడుక్కుని, కొంగు విప్పుకుని, దిగులుగా నిట్టూర్చింది.

"ఇవి వద్దు లెండి. నిరుడు మా అమ్మాయి పెళ్లికి మీరు వేసిచ్చిన డబ్బాలైతే, చుట్టాలంతా పేర్లు కడిగేసి వాళ్లిళ్లల్లో పెళ్లిళ్లకి హాయిగా పంచుకున్నారండీ."