గేదె పేరు చెప్పి

ఆ రోజుల్లో కరెంటు మీటర్లకు నోరుండేది. గవర్రాజు ఇంటి మీటరుకైతే ఆయన బీపీ సంగతి కూడా తెలుసు. మూకుట్లో నూనె కాగేలోపే "నూనె వంటలు వద్దండీ" అంటూ స్టవ్వు ఆర్పేసేది.

గవర్రాజుకు ఒళ్లు మండింది. గేదెకు ఉక్కపోస్తోంది, ఫ్యాను పెట్టాలని భార్య వరాలుతో చెప్పి, ఊరి కరెంటుతో సంబంధం లేకుండా పశువుల పాక మీద సోలార్ పలక బిగించాడు. దాన్ని దక్షిణానికి వాల్చి, బ్యాటరీని కుడితి తొట్టికి దూరంగా పెట్టి, గడ్డిమోపుల వెనక పాత కరెంటు స్టవ్వూ, మూకుడూ దాచాడు.

మర్నాడు మధ్యాహ్నం బజ్జీల పిండి కలుపుకుని పాకలో దూరాడు. బయట ఎండ మండిపోతున్నా స్టవ్వు మాత్రం వెలగలేదు. నిచ్చెనెక్కి చూస్తే పలక నిండా తెల్లగుడ్డ, దాని మీద గుమ్మడి వడియాలు!

"ఇక్కడ పెట్టావేంటే? పలకకి ఎండ తగలొద్దా?"

"ఏం, గేదె అడిగిందాండీ?" అంది కిందనుంచి వరాలు.

గవర్రాజు నిచ్చెన దిగాడు. పాకలో అసలు ఫ్యానే లేదు.

"రేపటికి ఎండిపోతాయి లెండి. ఇంట్లో వీటిని మాత్రం వేగనిస్తుందా ఆ మీటరు?" అంటూ వరాలు కొంగుచాటు నుంచి పెద్ద మూకుడు తీసింది. "మీరు దాచింది ఒక్కరికే సరిపోతుంది."