జడ్జిగారి పక్క సమాధి

"ఇది సమాధుల తోటా, రౌడీల మ్యూజియమా?"

లొరెట్టా మెక్‌నల్టీ చేతిలోని కాగితాన్ని ఆఫీసు బల్ల మీద ఛెళ్లున కొట్టింది. షికాగో శివారులోని ఆ కాథలిక్ సమాధుల తోటకి వచ్చేవాళ్లకి ఊరికే ఇచ్చే పటం అది. పైన 'ఇక్కడ విశ్రమిస్తున్న ప్రముఖులు' అని అచ్చేశారు. కింద పన్నెండు పేర్లు. ఇద్దరు బిషప్పులు, ఒక బేస్‌బాల్ ఆటగాడు, పెళ్లిళ్లలో అకార్డియన్ వాయించి పేరు తెచ్చుకున్న పోలిష్ ఆయన, ఇంకా ఎవరెవరో. పదకొండో పేరు రోకో స్పినెల్లి.

బల్ల వెనక ఐరీన్ పావ్‌లాక్ కళ్లజోడు సవరించుకుంది. ఇరవై ఆరేళ్లుగా అక్కడ గుమాస్తాగా చేస్తోంది. చచ్చినవాళ్లతో ఆమెకి ఏనాడూ పేచీ రాలేదు. వచ్చిందల్లా బతికున్నవాళ్లతోనే.

"రోకో సమాధి ఎక్కడని రోజుకి పదిమంది అడుగుతారమ్మా. చెప్పలేక వేశాం."

"అడిగితే వేసేస్తారా? ఎంతమందిని చంపించాడో లెక్కే లేదు! వాడు చస్తే చర్చిలో పూజ కూడా చెయ్యనివ్వలేదు బిషప్పుగారు. అలాంటి వెధవకి నంబరా? ముప్ఫై ఏళ్లు జడ్జి కుర్చీలో కూర్చున్న మా ఆయన పేరు లేదా? వాడి పక్కన పడుకున్న పాపానికి, జనం వాడితో ఫొటోలు దిగుతూ మా ఆయన రాయి మీద కాఫీ కప్పులు పెడుతున్నారు!"

కాఫీ కప్పుల మాట నిజమే. వారానికి రెండుసార్లు ఐరీనే వెళ్లి తీసేది.

"జడ్జిగారి గురించి ఎవరూ అడగలేదమ్మా."

లొరెట్టా మొహం కందగడ్డయింది. "మంచివాళ్ల గురించి ఎవడడుగుతాడు? ఆ రోకోగాడే ఒకసారి మా ఆయన ముందు బోనులో చేతులు కట్టుకుని నిలబడ్డాడు, తెలుసా?"

"శిక్ష వేశారా?"

"సాక్ష్యం లేదు. కేసు కొట్టేశారు. ఎంత వెధవకైనా న్యాయం న్యాయమే కదా!"

"అవును మరి," అంది ఐరీన్. అంతకన్నా ఏమంటుంది పాపం!

"ముందు వాడి పేరు తీసెయ్."

"వాళ్లింట్లోవాళ్లు ఒప్పుకుంటే తీస్తాం. అదీ ఇక్కడి పద్ధతి."

"అయితే ఫోను కలుపు. నేనే అడుగుతా."

ఐరీన్ వద్దు వద్దంటూనే రోకో కూతురు నినాకి ఫోను కలిపింది. కలిపిందో లేదో లొరెట్టా రిసీవరు లాగేసుకుంది.

"నేను జడ్జి మెక్‌నల్టీ భార్యని. ఖర్మ కాలి మా ఆయన మీ నాన్న పక్కన పడుకున్నాడు. నీకు సిగ్గనేది ఉంటే మీ నాన్న పేరు ఈ కాగితంలోంచి తీయించు. రక్తపు కూడు తిని పెరిగినదానివి, నీకు సిగ్గేం తెలుస్తుందిలే! రేపు నా ఎముకలు కూడా అక్కడే ఉండాలి. తలుచుకుంటేనే వాంతి వస్తోంది."

అవతలి మాట ఎంతోసేపు సాగలేదు. లొరెట్టా రిసీవరు ఠపీమని పెట్టేసి, గెలిచిన కోడిపుంజులా మెడ నిక్కించింది.

"ఏమందమ్మా?"

"తీసెయ్యండి, మేమెప్పుడూ వెయ్యమనలేదు అంది. దెబ్బకి దెయ్యం వదిలింది! మీ పేరేమిటో మళ్లీ చెప్పండి అంది. భయమా నాకు? అక్షరం అక్షరం చెప్పి రాసుకోమన్నాను. ఇక పదకొండో నంబరులో మా ఆయన పేరు వెయ్యి."

ఐరీన్ వెనకనున్న ఇనప సొరుగు లాగింది. ఆ తోటలో ప్రతి సమాధికీ ఒక అట్ట ఉంటుంది. స్థలం ఎవరిది, ఎవరి సంతకంతో ఎవరిని పూడ్చాలి, అన్నీ అందులోనే. జడ్జిగారి అట్ట తీసి చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది.

లొరెట్టా తన ధోరణిలో తనుంది. "మా రాయి మీద నా పేరు కూడా చెక్కించేశాం. పుట్టిన ఏడు వేశారు, పోయిన ఏడు ఒక్కటే ఖాళీ. అన్నీ ఆయనే చూసుకున్నారు, మహానుభావుడు. నాకు ఏ తిప్పలూ పెట్టలేదు."

"ఆ కేసు ఎప్పుడు కొట్టేశారమ్మా?"

"అరవై ఎనిమిది, జూన్ మొదటి వారం. ఎందుకు?"

ఐరీన్ గొంతు తగ్గించింది. "ఇది ఆరు సమాధుల స్థలం. అదే ఏడు జూన్ పన్నెండున రోకో స్పినెల్లి కొన్నాడు. అందులో ఒకటి 'నా మిత్రుడు జడ్జి మెక్‌నల్టీకి కృతజ్ఞతతో ఇస్తున్నాను' అని రాసి సంతకం పెట్టాడు."

లొరెట్టా అట్ట లాక్కుని చూసింది. సంతకం కింద తేదీ కూడా ఉంది. ముప్ఫై ఏళ్ల జడ్జిగిరీ అంతా ఆ ఒక్క వాక్యంలో ఇమిడిపోయింది. కుర్చీ వెతుక్కుని కూలబడింది.

అట్టని వెనకా ముందూ తిప్పి చూసి అడిగింది. "ఒక్కటేనా? మరి నాదో?"

"అది రోకో తర్వాత నినా గారి పేరుకి వచ్చిందమ్మా. మిమ్మల్ని అక్కడ పూడ్చాలంటే ఆవిడే సంతకం పెట్టాలి."