మూడో తప్పు

మూడు గిటార్లలో ఒక్కటే ఇంట్లో ఉంటుంది. మిగతా రెండూ ఈ సాయంత్రమే ఎవరికో వెళ్ళిపోతాయి. ఏది ఉండాలో కూతురూ, బామ్మర్దీ తేలుస్తారట.

ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచీ ఆయన మనసు మనసులో లేదు.

ముప్ఫయ్యేళ్ళుగా ఆయనకు ఒకటే పిచ్చి. అరవైల్లో, డెబ్బైల్లో జపాన్‌లో తయారైన ఎలక్ట్రిక్ గిటార్లు. పాత సామాన్ల కొట్లలో, మూతబడ్డ బ్యాండు హాళ్ళలో, ఎవరెవరి అటకల మీదో గాలించి తెచ్చేవాడు. పక్కపక్కన పెట్టి, ఒకదాని గొంతుతో ఇంకోదాని గొంతు పోల్చేవాడు. తిండి మరిచిపోయేవాడు.

పోల్చడానికి ఇంట్లో ఒక పద్ధతుంది. ఒకరు వాయించి, అది ఏ కాలపుదో, ఎలాంటిదో చెప్పాలి. ఆయన కళ్ళు మూసుకుని వింటాడు. మొదటి తప్పుకి మాట్లాడడు. రెండోదానికీ మాట్లాడడు. మూడో తప్పు దొర్లిందా, ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తాడు.

“అక్క ఉన్న రోజుల్లో, రెండో తప్పు కాగానే చెవుల్లో దూది పెట్టుకునేది,” అన్నాడు బామ్మర్ది. నవ్వబోయి దగ్గాడు.

“విను నాన్నా, మొదలెడుతున్నా,” అంది కూతురు. “మామయ్యా, ఆంప్లిఫయర్ కాస్త తగ్గించు. పక్క గదుల వాళ్ళు తిడతారు.”

ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఎక్కడో గుయ్‌మని సన్నగా మోగుతోంది. ఎర్తు సరిగా ఇచ్చి ఉండడు వీడు, అనుకున్నాడు.

టిక్కు, టిక్కు, టిక్కు, టిక్కు. నాలుగు స్విచ్చులు. తర్వాత పలుచగా, రేకు మీద వాన పడ్డట్టు తీగల మోత.

ఎర్రది. అరవై ఆరు. ఇందులో అడగడానికేముంది?

“ఇది డెబ్బై తొమ్మిది నాన్నా,” అంది కూతురు.

ఆయనకు నవ్వొచ్చింది. ఆ స్విచ్చుల చప్పుడు విని, గిటారంటే ఏమిటో తెలీకుండా దాన్ని తనకమ్మిన బట్టతల దుకాణదారు కూడా చెప్పేవాడే! సరే, పిల్ల ఏదో ధ్యాసలో ఉంది. ఒక తప్పు.

రెండోది మొదలైంది. బరువైన గొంతు, కానీ చివర్లో చప్పబడుతుంది. నల్లది. పైకి దుంగలా కనిపిస్తుంది కానీ లోపలంతా అతికించిన చెక్క పొరలు. వీపు మీద వేలి కణుపుతో కొడితే అట్టపెట్టెలా పలుకుతుంది. ఈ సంగతి బామ్మర్దికి ఆయనే ఓ వందసార్లు కొట్టి వినిపించాడు.

“ఒకే దుంగలోంచి తీసింది, పొరలు లేవు. కదా మామయ్యా?”

“అవునమ్మా. ఒకే దుంగ,” అన్నాడు బామ్మర్ది. మళ్ళీ దగ్గాడు.

ఒరేయ్! ఇన్నేళ్ళు పక్కన కూర్చుని కాఫీలు తాగడం తప్ప ఏం నేర్చుకున్నావురా? నీకు పెట్టిన బిస్కెట్లు దండగ. పైగా ఆ దగ్గొకటి. చూపించుకోమంటే చూపించుకోవు.

రెండు తప్పులు. ఇక మూడోది మిగిలింది.

కుర్చీ దగ్గరకు జరిగిన చప్పుడైంది. తర్వాత ఒక్క తీగ మోగింది.

ఆయన ప్రాణం లేచి వచ్చింది.

అంచుల్లో నలుపు, నడుమ తేనె రంగు. పదకొండేళ్ళు వెతికితే దొరికింది. మూడో తీగ మిగతావాటికంటే ఒక పిసరు ముక్కుతో పలికినట్టు మోగుతుంది. “జలుబు చేసిన పిల్లలా ఉంది,” అని ముద్దుగా నవ్వింది భార్య. దాని లోపల తెగిన వైరుకి ఆయన టంకం పెడుతుంటే, కదలకుండా పట్టుకుని వేలు కాల్చుకుంది కూడా. ఆమె పోయాక ఆయన రోజూ ఆ ఒక్క తీగ మీటి పడుకునేవాడు.

ఇంట్లో ఉండాల్సింది ఇదే. మిగతావి గంగలో కలవనీ. చెప్పమ్మా, సరిగ్గా చెప్పు.

“మూడోది చెప్తున్నా నాన్నా.” కూతురి గొంతు మరీ దగ్గరగా వినిపించింది. “ఇది అసలు జపానుదే కాదు. నిన్నగాక మొన్న ఎవడో చేసిన నకిలీ. దీన్ని బడి పిల్లలకి ఇచ్చేద్దాం. విరగ్గొట్టుకున్నా బాధ లేదు.”

ఆయనకు ఒళ్ళు మండిపోయింది. నకిలీయా? తొమ్మిదేళ్ళప్పుడు దీని మెడ మరలు విప్పింది నువ్వే కదే! చెక్క సందులో, జపాన్ పనివాడు పెన్సిల్‌తో పెట్టిన గుర్తుని టార్చి వేసి నాకు చూపించింది నువ్వే కదే!

“కాదే! కాదు! మెడ విప్పి చూడు!” గొంతు చించుకున్నాడు.



“నకిలీ నాన్నా,” అంది కూతురు మళ్ళీ, ఒక్కో అక్షరం నొక్కి. “ఇచ్చెయ్యనా?”

“ఇవ్వకు! వద్దు తల్లీ! నా మాట విను!”

బామ్మర్ది ముక్కు చీదుకున్నాడు. గుయ్‌మనే మోత ఆగలేదు. ఆయన అరుస్తూనే ఉన్నాడు.

కూతురు గిటారు మంచం కాళ్ళ దగ్గర ఆనించి, గుమ్మంలో నిలబడ్డ డాక్టరుతో అంది: “మూడూ కావాలనే తప్పు చెప్పానండీ, అయినా కనురెప్ప కదపలేదంటే మా నాన్న ఇక లోపల లేడు, మిషను తీసెయ్యండి.”